కామాక్షత్త వాచీకి చైను

పోయిన నెల మా అమ్మాయి హారిక నా బీరువా సర్దిపెడతానని కూర్చుని, సర్దడం సగంలో వదిలేసి, పట్టుచీరల అడుగున గుడ్డలో చుట్టి ఉన్న కామాక్షత్త వాచీని పట్టుకుని హాల్లోకి వచ్చింది. "అమ్మా, ఇది వింటేజ్. దీన్ని ఇలా మూటగట్టి దాచడం నేరం" అని నా మీదే కేసు పెట్టింది. పావలా బిళ్ళంత ఆడవాళ్ళ వాచీ అది. చైను ఒక పక్క ఊడి వేలాడుతోంది. కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తుంది, కాకపోతే దానికి బుద్ధి పుట్టినంతసేపే. కొత్త పట్టీ వేయించి ఆఫీసుకు పెట్టుకుపోతానంది. సరేనన్నాను. అనకుండా ఉండవలసింది. ఆ రోజు మొదలు మా ఇంట్లో వాచీ పట్టీ తప్ప వేరే ఊసు లేదు.

మొదట కొత్తగూడ ఫ్లైఓవర్‌కు దగ్గర్లో ఉన్న మాల్‌కు వెళ్ళాం. అద్దాల గోడల వాచీ షాపులో చల్లగాలికి వణుకుతూ నిలబడితే, సేల్స్ ఆవిడ వాచీని అటూ ఇటూ తిప్పి, "ఇంత సన్నం సైజు మా సిస్టమ్‌లో లేదు మేడమ్" అంది. సిస్టమ్‌లో లేకపోతే లోకంలోనే లేనట్టు ఆవిడ లెక్క. సరే, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించాం. వచ్చిన పట్టీ వెడల్పు. తిప్పి పంపితే ఇంకోటి వచ్చింది, అది ఎవరి కుక్క మెడకో కొలిచి చేసినట్టుంది. చేతి కొలత పంపమంటే మా అమ్మాయి ఫోను ముందు చెయ్యి ఊపింది, ఆ ఫోను ఏం కొలిచిందో దానికే తెలియాలి. చివరగా వచ్చిన డబ్బా మీద ఈ పట్టీలో జంతువుల తోలు వాడలేదని గొప్పగా రాసి ఉంది. అది చదివి నాకు నవ్వూ చిరాకూ ఒకేసారి వచ్చాయి. తోలు కాని పట్టీ కోసం ఇదే కొత్తగూడ నుంచి నేను కాళ్ళరిగేలా తిరిగాను. అప్పుడెవరూ దాన్ని డబ్బాలో పెట్టి ఇంటికి పంపలేదు.

అప్పట్లో కొత్తగూడ అంటే ఊరే. మా నాన్న జమ్మలమడుగులో బట్టల వ్యాపారం తనకు అచ్చిరాలేదని తేల్చుకుని, హైదరాబాదు చుట్టుపక్కల భూములు బంగారమవుతున్నాయని ఎవరో చెబితే నమ్మి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని వచ్చేశాడు. యాదమ్మ అనే ఆమె ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. యాదమ్మ తాతముత్తాతల నాటి నుంచి ఆ ఊరి మనిషి. వాకిట్లో బర్రెలు, గోడకు పిడకలు, గోడ అవతల సీతాఫలం పొదలు, వాటి వెనక బండలు. ఆ బండలను పగలల్లా పేలుస్తుండేవాళ్ళు. పేలుడు వినబడగానే బర్రెలు తాడు గుంజుకునేవి, అమ్మ పరిగెత్తి పాలగిన్నె మీద మూత పెట్టేది. ఎంత మూత పెట్టినా కాఫీలో దుమ్ము వాసనే. మాదాపూర్ వైపు గుండ్రటి బిల్డింగు ఒకటి లేచింది, దాన్ని చూడడానికి జనం ఆదివారాలు స్కూటర్ల మీద వచ్చేవాళ్ళు. అందులో కాదు గానీ దానికి కాస్త ఇవతల ఒక మేడ మీద, అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పే మాటలను చెవిలో పెట్టుకుని టైపు చేసే ఉద్యోగం నాది. నాన్న పొద్దున్నే నేల మీద లేఅవుట్ మ్యాపులు పరిచి, సాసర్లోకి ఒంపుకున్న కాఫీ తాగుతూ వాటి చుట్టూ పాకేవాడు. పొరపాటున ఆ మ్యాపు మీద కాలు పడితే దేవుడి పటం తొక్కినంత గొడవ.

ఆ ఇంటికి వచ్చింది కామాక్షత్త, మా నాన్న చెల్లెలు. భర్త పోయిన తర్వాత కొన్నాళ్ళు అత్తవారింట్లోనే ఉంది. మంచం పట్టిన అత్తగారికి చాకిరీ, మరిది సంసారానికి వంట, ఆ ఇంట్లో ఆమె బతుకు అంతే. పిల్లలు లేరు. నాన్న పండక్కని తీసుకొచ్చి మళ్ళీ పంపలేదు. పంపలేదంటే గట్టిగా తేల్చి పంపలేదని కాదు, రేపూ మాపూ అని నెట్టుకొస్తున్నాడు. అవతల మరిది వారం వారం యాదమ్మ పక్కింటి ఫోనుకు కబురు చేసేవాడు, వదిన ఎప్పుడొస్తుంది, వంటకు ఇబ్బందిగా ఉంది అని. ఆ ఫోను వచ్చినప్పుడల్లా అత్త అన్నం ముందు కూర్చుని ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. మామూలు రోజుల్లో మాత్రం ఏం తినేది కనుక. రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. అమ్మ విసుక్కునేది, బతిమాలేది, చివరకు గిన్నె తీసుకుని వెళ్ళిపోయేది.

అత్తకు తనదంటూ ఉన్న వస్తువు ఆ వాచీ ఒక్కటే. పెళ్ళికి ముందు ప్రొద్దుటూరులో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే రోజుల్లో సొంత జీతంతో కొనుక్కుంది. పెళ్ళయ్యాక మామయ్య ఉద్యోగం మాన్పించాడు, వాచీ జోలికి పోలేదు. గాజుల మధ్య అది కూడా ఒక గాజులాగే ఉండిపోయింది. మామయ్య పోయిన పదోరోజు ఇంటి పెద్దాడవాళ్ళు చుట్టూ చేరి గాజులు తీయించారు, బొట్టు చెరిపారు, మెట్టెలు తీశారు. వాచీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వాళ్ళ దృష్టిలో అది నగ కాదు, కళ్ళజోడులాంటి వస్తువు. ఆ చిన్న మరుపు వల్ల అత్త చేతికి ఒకటి మిగిలింది. పొద్దున స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు గడియారపు ముఖం మణికట్టు లోపలి వైపుకు వచ్చేలా పెట్టుకునేది. ఆ తర్వాతే కాఫీ. దానికి అప్పుడు సాగే స్టీలు చైను ఉండేది, చేతి వెంట్రుకలు పీకే రకం.

ఆ చైను ఒకరోజు డ్రమ్ములో నీళ్ళు ముంచుతుంటే బక్కెట్టు పిడికి తగులుకుని పుటుక్కున తెగింది. సరిగ్గా అదే సమయంలో బాచుపల్లిలో కొత్తగా స్కూలు పెట్టిన మా జిల్లా ఆయన ఒకరు ప్లాటు కోసం నాన్న దగ్గరికి వచ్చి, మాటల్లో అత్త సంగతి విని, "చిన్న తరగతులకు లెక్కల టీచరు కావాల. బడి తెరిచే లోపల వచ్చి కనబడితే ఆయమ్మకే ఇస్తా" అన్నాడు. స్కూలు వ్యానే ఇంటి ముందుకు వస్తుందట. ఉద్యోగం దొరికితే మరిదికి చెప్పడానికి గట్టి కారణం దొరికినట్టే, లేకపోతే ఇక పంపక తప్పదని నాన్న అమ్మతో గొణగడం నేను విన్నాను. అత్త కూడా వినే ఉంటుంది. రెండు గదుల ఇంట్లో వినబడనిదేముంది? తీరా ఎప్పుడు వెళదాం అని అడిగితే అత్త అన్న మాట ఇది. "వాచీ బాగైనాక పోదాం లే అన్నా."

నాకు ఒళ్ళు మండింది. బతుకు ఒక కొలిక్కి వచ్చే అవకాశం వాకిట్లో నిలబడి ఉంటే, ఈమె చైను కోసం ఆగుతానంటుంది. పోనీ, చైనే గదా, ఎంతసేపు అనుకున్నాను. మియాపూర్ చౌరస్తాలో నర్సింగరావు అనే ఆయన వాచీల దుకాణం ఉండేది. ఆఫీసు నుంచి కిక్కిరిసిన ఆటోలో అక్కడికి పోయి చూపిస్తే, పెదవి విరిచాడు. "గిది పాత మోడల్ మేడం. బెల్టు తగిలిచ్చే చెవుల నడుమ సందు చూడుండ్రి, నూలుపోగు పట్టదు. ఫికర్ చేయకుండ్రి, ఏదో ఒకటి చేస్త" అన్నాడు. ఆ ఏదో ఒకటి తోలు బెల్టు. అది కూడా వెడల్పయితే రెండు పక్కలా బ్లేడుతో చెక్కాడు. ఎలుక కొరికినట్టు తయారైంది. తీసుకొచ్చి అత్త చేతిలో పెడితే, వేళ్ళ కొసలతో పట్టుకుని వాసన చూసింది. "ఇది తోలు గదా పాపా. దీంతో దీపమెట్ల ముట్టించేది?" అంది. తీసి పక్కన పెట్టి ముట్టించమన్నాను. తీసి పెడితే చెయ్యి బోసిగా ఉంటుందంది. నేను విసుక్కుంటూ ఆ బెల్టు పీకేశాను.

మళ్ళీ మియాపూర్. ఈసారి నర్సింగరావు ఎక్కడో వెతికి సన్నటి చైను తెప్పించాడు. నాజూకుగా, వాచీకి పుట్టుకతో వచ్చినట్టే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకటే చిక్కు, అది బంగారు రంగు. ఇంటికి వచ్చి సంచిలోంచి తీయగానే మ్యాపుల మధ్య నుంచి మా నాన్న తలెత్తాడు. "కామాక్షికి బంగారు చైనా? నలుగురు చూస్తే నగుబాటు గాదూ?" అన్నాడు. బంగారం కాదు, పూత అని చెప్పాను. "పూత అని చెయ్యి మీద రాసిపెడతావా?" అన్నాడు. ఎక్కడో రాళ్ళగుట్టల మధ్య రాబోయే నగరాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించి పదిమందిని ఒప్పించే మనిషికి, తోబుట్టువు చేతి మీద ఇంత మెరుపు కళ్ళలో పొడుచుకుంది. అమ్మ ఆ మధ్యలోకి రాలేదు, పప్పు ఎనుపుకుంటూ ఉండిపోయింది. అత్త ఆ చైనును ఒకసారి వెలుగులో పట్టుకుని చూసి నా సంచిలోనే వేసేసింది. ఆమె ఏడ్చి ఉంటే నాన్నతో పోట్లాడేదాన్ని. ఆమె ఏడవలేదు, నాకు ఎవరి మీద విరుచుకుపడాలో తోచలేదు.

ఇక మిగిలింది స్టీలు చైను. పాతదానిలా సాగేది దొరకలేదు, కొక్కెం పెట్టే రకం ఉంది గానీ పొడవు, లింకులు తీయించాలి. "అమ్మను తీస్కరాండ్రి, చెయ్యి చూసి కొలిచి తీస్త" అన్నాడు నర్సింగరావు. అత్త రానంది. పరాయి మగవాడికి చెయ్యి ఇచ్చి కూర్చోవడమా అంది. గాజులవాడి ముందు చెయ్యి చాపిన రోజులు వేరట. సరేనమ్మా, కొలత ఇవ్వమన్నాను. దారం తెచ్చుకుని తనే కొలిచి, ముడివేసి ఇచ్చింది. ఆ దారాన్ని నాన్న చేతికి ఇచ్చి పంపడం ఇంకో తెలివితక్కువ. నాన్నకూ నర్సింగరావుకూ మాటల్లో ప్లాట్లు దొర్లాయి. నర్సింగరావు బావమరిదికి బాచుపల్లిలో జాగా ఉందట. పొద్దుగూకే దాకా ఇద్దరూ ఆ జాగా చూసొచ్చారు. వాచీ మాత్రం దుకాణంలోనే ఉంది. ఏమైందని అడిగితే "ఈస్ట్ ఫేసింగు, మంచి బిట్టు" అన్నాడు మా నాన్న.

ఎట్టకేలకు చైను వచ్చింది. అత్త పెట్టుకుని చెయ్యి ఎత్తింది. అది మణికట్టు దాటి, ముంజేయి దాటి, జర్రున మోచేతి దాకా జారి అక్కడ నిలబడింది. నర్సింగరావును నానా మాటలూ అనుకుంటూ మళ్ళీ పోయాను. ఆయన డబ్బాలోంచి దారం తీసి చైను పక్కన పెట్టి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు అర్థమైంది. అత్త దారాన్ని మణికట్టుకు చుట్టలేదు. బొటనవేలు అరచేతిలోకి ముడిచి, వేళ్ళ కణుపుల మీద చుట్టి కొలిచింది. గాజుల కొలత అలాగే తీస్తారు, కణుపులు దాటితేనే గదా గాజు ఎక్కేది. చిన్నప్పటి నుంచి చేతికి ఏది వేసుకోవాలన్నా ఆమెకు తెలిసిన కొలత అదొక్కటే. వాచీకి కూడా అదే ఇచ్చింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, అత్త తన చేతిని తిప్పి చూసుకుని, "అవునమ్మా, అట్లనే కొలిచినా" అంది. నాకు ఆ పూట ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు.

బడి తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. స్కూలాయన నాన్నతో మళ్ళీ అన్నాడు, ఇంకెవరో వచ్చి అడుగుతున్నారని. మరిది ఫోను ఇంకా దగ్గర దగ్గరగా రాసాగింది. ఆ సాయంత్రం పాలు పితికిన చెంబు పట్టుకుని యాదమ్మ మా గడప ముందు కూలబడి నేరుగా అడిగేసింది. మేమంతా ఒకే ఇంట్లో తింటూ అడగని మాట.

"ఏంది పంతులమ్మా, గా వాచీ లేకుంటే గడప దాటవా? ఉత్త చేతుల్తోని పోతే ఏమైతది?"

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే చెప్పింది.

"బోర్డు మీద రాయాలంటే చెయ్యి పైకెత్తాల గదా యాదమ్మా. పైట జారుతాది. పిల్లోళ్ళు అంకె చూడరు, చెయ్యి చూస్తారు. ఇంటికి పోయి అమ్మనడుగుతారు, మా టీచరుకు గాజులెందుకు లేవని. ఆ అమ్మ చెబుతాది. మరుసటి దినం నుంచి నా కండ్ల ముందు కూర్చునేది పిల్లోళ్ళు కాదు."

యాదమ్మ చెంబు కింద పెట్టి, "అయితే ఏసుకో గాజులు. మా కులంల ఏస్కుంటరు, ఎవలేమంటరు?" అంది.

"ఏసుకుంటే మా అన్న తల ఎత్తుకోలేడంట. వాచీ అయితే ఎవరూ ఏమనరు" అంది అత్త.

గదిలో నాన్న మ్యాపు మడతపెట్టే చప్పుడు ఆగిపోయింది. నేను తోలు అనీ, రంగు అనీ, పొడవు అనీ విసుక్కుంటూ తిరిగినన్ని రోజులూ ఆమె ఒక గది నిండా పిల్లల ముందు ఎత్తగలిగే చెయ్యి కోసం చూసిందని అప్పుడు తెలిసింది నాకు. తెలిసి జాలి పడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి నాకు వచ్చింది కోపమే. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. మా అమ్మాయి చేతులు చూడండి, ఏమీ ఉండవు. అది ఇష్టపడి అలా ఉంచుకుంటుంది. దాని ఆఫీసులో సగం మందివి బోసి చేతులే. పెళ్ళయినవాళ్ళెవరో కానివాళ్ళెవరో, మొగుడు ఉన్నవాళ్ళెవరో పోయినవాళ్ళెవరో చేతులు చూసి చెప్పమంటే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఒకరోజు గాజులు వేస్తారు, ఒకరోజు తీస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. మంచిదే. ఈ కాలాన్ని తిట్టిపోసే మా వయసువాళ్ళతో నేను ఈ ఒక్క విషయంలో కలవను. కాకపోతే ఆ మాల్‌లో నిలబడి పట్టీ సైజు కోసం తిట్టుకుంటున్నప్పుడు నాకు అనిపించింది, మా అమ్మాయికి ఆ పట్టీ దొరకకపోయినా కొంపేం మునగదు. అత్తకు మునిగేది. అదే కొత్తగూడ, అదే వాచీ. పని మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక పట్టాన అయ్యేది కాదు.

మర్నాడు పొద్దున అత్త ఇస్త్రీ చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చి, "పద పాపా, ఆయప్ప దగ్గరికి నేనే వస్తా" అంది. నాన్న చొక్కా తొడుక్కుని వెంట వచ్చాడు. దారి పొడుగునా ఒక్క ప్లాటు కూడా చూపించలేదు. నర్సింగరావు దుకాణం ముందు స్టూలు మీద అత్త కూర్చుంది. ఎడమచేత్తో పైట కొంగు లాగి కుడిచేతి మీద కప్పుకుంది, మళ్ళీ తీసింది. "ఇయ్యమ్మా చెయ్యి, జర సేపే" అన్నాడాయన. అత్త ముఖం రోడ్డు వైపు తిప్పుకుని చెయ్యి చాపింది. గాజులు తొడిగించుకునేటప్పుడు ఆడవాళ్ళు నొప్పికి ముఖం అలాగే పక్కకు తిప్పుకుంటారు. ఆయన చైను చుట్టి చూసి, సన్నటి మేకుతో ఒక లింకు తోసి తీశాడు, మళ్ళీ చుట్టి ఇంకోటి తీశాడు. ఆమె మణికట్టు అంత సన్నబడిందని నాకూ అప్పటిదాకా తెలియదు. ఆయన తీస్తూ పోయాడు, లింకులు బల్ల అద్దం మీద చిన్న కుప్ప అయ్యాయి. చివరికి కొక్కెం పెట్టి, "ఇగ చూడుండ్రి, చెయ్యి ఎత్తుండ్రి" అన్నాడు. అత్త చెయ్యి పైకెత్తింది. వాచీ ఎక్కడిదక్కడే నిలబడింది. నా తలప్రాణం తోకకు రావడం అయిపోయిందనుకుని, పోదాం పదమని సంచి తీసుకున్నాను.

"ఆ తీసినవాట్లో రెండు మళ్ళీ పెట్టు నాయనా" అంది అత్త.

నర్సింగరావు మేకు కింద పెట్టేశాడు. నాన్న నా వైపు చూశాడు. నాకు ఇక ఓపిక లేదు. "ఇన్నాళ్ళూ బిగించడానికే తిరిగాం అత్తా. సరిగ్గా సరిపోయింది. మళ్ళీ వదులు చేయడమేమిటి?" అని రోడ్డు మీదే గొంతు పెంచాను.

అత్త లేవలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.

"ఉద్యోగంలో చేరి నా తిండి నేను తింటే ఒళ్ళు చెయ్యనా యేంది పాపా? అప్పుడు మళ్ళీ ఇంతదూరం ఎవరొస్తారు?"